ముందుగదిలో గెడ్డ

కంచరపాలెం,
విశాఖపట్నం,
9-7-1984.

ప్రియమైన ప్రేమలీలకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, చేపలూ. అక్కడ నువ్వూ, ఫ్లోరెన్సూ, పసిపాపా, అల్లుడు ఆనందకుమారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం మొదటి పేజీలో చదివి సంతోషించాను. పేజీ తిప్పాక సంతోషం ఆగిపోయింది. అక్షరాలు నీవే గాని గొంతు మీ అన్న యేసుదానానిది. భిలాయిలో కూర్చున్న నీకు మన ముందుగదిలో జరిగేదంతా ఇంత వివరంగా తెలిసిందంటే, అతను నాకంటే ముందే, నాకంటే పొడుగ్గా నీకు రాస్తున్నాడన్నమాట. రాయనీ.

"ఆ తొట్టి తీయించి, చేపల్ని ఎక్కడివక్కడ వదిలెయ్యండి. వదిలినట్టు ఉత్తరం వచ్చాకే నేను రైలెక్కుతాను" అని రాశావు. కింద గీత కూడా గీశావు. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు నాకు గీత గీసి చెప్పడం ఇదే మొదలు. తొట్టి తీయను. ఇది జవాబులో సగం. మిగతా సగం ఆఖర్న రాస్తాను. అది రాయడానికి కొంచెం ఊపిరి కూడదీసుకోవాలి. ఈలోపు నువ్వడిగిన చిన్న సంగతులు.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. అన్నం నేనే వండుకుంటున్నాను, కూర పక్కింటి పైడితల్లి పంపుతోంది. చేపల కూర పంపిన రోజు మాత్రం వంటింట్లో తలుపు చేరవేసుకుని తింటున్నాను. ముందుగదిలో తినాలంటే మొహమాటంగా ఉంది, అవి చూస్తుంటాయి. నీ కుట్టుమిషను ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు. మీ అన్న అలా రాశాడేమో. పడగ్గదిలో కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. అక్కడ దానికి వెలుతురు ఇంకా బాగుంది. అద్దాల బీరువా నడవలోకి జరిపించాను. జరపడంలో పింగాణీ కుక్కపిల్ల చెవి ఒకటి విరిగింది. చెవి జాగ్రత్తగా దాచాను.

"ఈ వయసులో ఎందుకీ పంతం" అని అడిగావు. పోయిన క్రిస్మస్సు నాడు మీ అన్న ఇంట్లో ఏం జరిగిందో మరిచిపోయినట్టున్నావు. కలకత్తా నుంచి తెప్పించిన బంగారు చేపల చుట్టూ చుట్టాలంతా మూగి ఉన్నారు. "ఇలాటియి మనకాడ పుట్టవు బావా. మన సేపలన్నీ కూరకే" అన్నాడు. మన ఊళ్ళ వాగుల్లో, అదే మన గెడ్డల్లో, వరిచేల కాలవల్లో వీటికి తీసిపోనివి ఉన్నాయని నేనన్నాను. "అయితే ఓ తొట్టి కట్టీ బావా. సూడ్డానికి నానొత్తాను, మసాలా మా యావిడి తెస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నావు గాని, నవ్వావు.

ముప్పై ఏళ్ళు హార్బర్లో టాలీ గుమాస్తాగా ఓడ పక్కన నిలబడి, దిగిన సరుకూ ఎక్కిన సరుకూ లెక్క రాసినవాణ్ణి. ఆ లెక్కలో నాకు ఒకటే తెలిసింది. మనది ఎక్కేటప్పుడు మట్టి అంటారు, అదే తిరిగి దిగేటప్పుడు వస్తువు అంటారు. చేపల్లోనూ అదే లెక్క. తెల్లదొరలు గుర్రాలెక్కి వచ్చి మన కాలవల్లో దిగి, ఒక్కో పరిగెకూ బొమ్మ గీసి లాటిన్ పేరు పెట్టుకుపోయారు. ఆ బొమ్మలు పాత టౌనులో పాత పుస్తకాల బండి మీద చూశాను నేను. మనవాళ్ళకు మాత్రం వాటిలో ఉల్లిపాయలు తప్ప ఏమీ కనబడవు.

తొట్టి ఎంతుందో నీకు మీ అన్న సరిగా రాసి ఉండడు. నేను కాళ్ళు చాపుకుని పడుకుంటే సరిపోయేంత పొడుగు. ఇనప ఫ్రేము గాజువాకలో వెల్డింగు చేయించాను. అద్దాలు పాత టౌను గఫూర్ బిగించాడు, మన పెళ్ళి ఫొటోకి పటం కట్టిన గఫూరే. లప్పం పామి, అద్దాలు కూర్చి, వెనక్కి జరిగి చూసుకుని, "దాసుగారూ, దేవుళ్ళకి పటం కట్టా, దొరలకి పటం కట్టా, చచ్చిపోయినోళ్ళకి కట్టా. నీళ్ళకి పటం కట్టడం ఇదే" అన్నాడు. మొదటిసారి నీళ్ళు పోస్తే నాలుగు మూలలా కారింది. నీ ప్లాస్టిక్ బకెట్లన్నీ కింద పెట్టాం. "పటం ఏడుస్తోంది సాబ్" అని, మళ్ళీ అంతా విప్పి కట్టాడు. ఇసుక తగరపువలస దగ్గర ఏట్లోంచి గోనెల్లో తెప్పించి, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగాను. కుళాయి నీళ్ళలో బ్లీచింగు వాసన పోయేదాకా డ్రమ్ముల్లో నిలవ పెట్టాను. బుద్ధిమంతుడు చేసే పనులు ఇవి. పిచ్చివాడు ఇంత ఓపిక పట్టడు.

ఇప్పుడు తొట్టిలో ఉన్నవాళ్ళని పరిచయం చేస్తాను. పరిగెలు ఒక గుంపు. ఉదయం ఎండ కిటికీలోంచి పడగానే అన్నీ ఒకేసారి పక్కకు తిరుగుతాయి, చెంచాలు కడిగి బోర్లించినట్టుంటుంది. బొమ్మిడాయిలు ఇసుకలో ఒళ్ళంతా దాచి, మూతి ఒక్కటి బయట పెట్టుకుని ఊళ్ళో సంగతులు వింటుంటాయి. జెల్లలు రెండు, మీసాలతో, చర్చి కమిటీ మెంబర్లలాగా. కొర్రమీనుని తేలేదు. పక్కవాటిని మింగేస్తుంది. అలాటిది మన చుట్టరికంలో ఒకటుంది, చాలు. వీటితోపాటు గొరకలు తెచ్చాను. గొరక చూడ్డానికి ఏమీ ఉండదు, మసిబట్టిన మూకుడు రంగు. కాని తొలకరి వాన పడితే నీళ్ళలోంచి గట్టెక్కి, చెంపల మీది ముళ్ళ డొప్పలు నేలకు ఆనించి, తోక కొట్టుకుంటూ నడిచిపోతుంది. అది నీకు తెలిసినంత నాకు తెలీదు. పెళ్ళయిన కొత్తలో నువ్వు చెబితేనే కదా నాకు తెలిసింది.

ఇక దీవెనమ్మ సంగతి. ప్రార్థన కూటంలో చేప వచ్చి ఆమె చీరలో దూరిందని, ఆమె కేక పెట్టి పడిపోయిందని నీకు చేరిన కబురు. జరిగింది రాస్తాను విను. ఆ శుక్రవారం సాయంత్రం మన ముందుగదిలో కూటానికి అందరూ చాపల మీద కూర్చున్నారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. బయట మొదటి వాన మొదలైంది. తొట్టి మీద వల గుడ్డ ఒకటి కప్పాను గాని, ఒక మూల ఎలా సందు చేసుకుందో, గొరక ఒకటి గెంతి నేల మీద పడి, కళ్ళు మూసుకున్నవాళ్ళ మధ్యనుంచి గుమ్మం వైపు నడవడం మొదలుపెట్టింది. నేను కళ్ళు తెరిచే ప్రార్థన చేస్తానని నీకు తెలుసు కదా, అంతా చూశాను. పాస్టరుగారి భార్య పాదం మీదుగా పోయినప్పుడు ఆవిడ కేక పెట్టింది. దీవెనమ్మ కాదు. దీవెనమ్మ మీ ఊరిదే కదా. "ఓలమ్మా, గొరకే. ఏటలాగ బెంబేలెత్తిపోతారు? తొలకరికి పుట్టింటికెల్తంది" అని కొంగు తడిపి, దాన్ని ఎత్తి, తీసుకొచ్చి తొట్టిలో వదిలింది. వదిలి నా వంక చూసి, "దారిలో అవుపడ్డదాన్ని కూరొండకు దాసన్నా, మా కాడ ఒండరు" అంది. ఈ మాట నువ్వు ఎన్నిసార్లు చెప్పావో నాకు. దారిలో ఎదురైన గొరకను ఎవరు చూస్తే వాళ్ళే ఎత్తి నీళ్ళలో వదలాలని మీ అమ్మ చెప్పేదని.

అందరి కంగారూ చూసి నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఈ చేపకు మొప్పలతోపాటు గాలి పీల్చే అర వేరే ఉంటుందని, నీటి పైకి వచ్చి గాలి మింగకపోతే నీళ్ళలోనే ఊపిరాడదని, వాళ్ళందరికీ నిలబడి పాఠం చెప్పాను. పాస్టరుగారు మర్యాదస్థుడు, విన్నారు. కమిటీవాళ్ళు వినలేదు. ఆడవాళ్ళు భయపడుతున్నారు గనక వచ్చే శుక్రవారం నుంచి కూటం ఇంకొకరి ఇంట్లో పెట్టుకుందామన్నారు. ఆ మాటకు నేను మెత్తబడ్డాను. ఎవరికీ మెత్తబడనివాణ్ణి. ఆ కూటం నీది. ఫ్లోరెన్సు పుట్టక ముందునుంచీ ఆ గదిలో జరుగుతోంది. నువ్వు లేనప్పుడు నా చేతుల మీదుగా పోతే, నీకు ఏ మొహం చూపించను?

అప్పుడు మీ అన్న ఉపాయం చెప్పాడు. "గాజుమూత బిగించీ బావా. అంచుదాకా నీల్లు పోసీ. గెంతడానికి సోటుంటేకదా గెంతుతాది." మర్నాడు గఫూర్ చేత మూత కోయించి బిగించాను, నీళ్ళు మూతను తగిలేదాకా పోశాను. ఆదివారం పొద్దున్న లేచి చూస్తే గొరకలు వెల్లకిలా తేలుతున్నాయి. చేపలు, ప్రేమలీలా, నీళ్ళలో మునిగి చచ్చాయి. పై గాలి అందక. రెండు రోజుల కిందట దాని ఊపిరి గురించి పాఠం చెప్పిన నోరే నాది, మూత బిగించిన చెయ్యీ నాదే. గాలి గొట్టం కోసమని గఫూర్ మూత మూల చిన్న ముక్క కోసి ఉంచాడు. ఆ సందులో మూతి పెట్టుకుని ఒక్క గొరక బతికింది. మూత తీసి పెరట్లో పగలగొట్టాను. "నా పనితనం మీద కోపమా సాబ్" అన్నాడు గఫూర్. నా చదువు మీద అన్నాను.

సగం జవాబు మిగిలింది కదా, దానికి వచ్చాను.

చేపలు తగరపువలస సంతలో బతికినవి కొన్నానని నీకు కిందటి ఉత్తరంలో రాశాను. నిజం కాదు. ఇసుక ఒక్కటే అక్కడిది. చేపలు మీ ఊరివి. మీ ఇంటి వెనక గెడ్డలోవి. ఊరు స్టీలు ప్లాంటు కింద పోయి ఇళ్ళు ఖాళీ అయిన తరవాత నువ్వు ఆ ఊరి పేరు ఎత్తడం మానేశావు. కాని గెడ్డ ఉండిపోయింది. మే నెలలో నీరు ఇంకి మడుగులు మిగిలినప్పుడు, పునరావాసం కాలనీలో ఉంటున్న మీ ఊరి సూరన్నని వెంటబెట్టుకుని వెళ్ళాను. మీ రేవు రాయి పక్క మడుగులోనే పట్టాం. సూరన్న బుట్టతో, నేను నీ పాత చీరతో. నువ్వు వచ్చి తొట్టి ముందు నిలబడి, ఇవెక్కడివి అని అడిగాక చెబుదామని దాచాను. మీ అన్న మీద పంతం నిజమే, అబద్ధం అనను. కాని పంతానికైతే ఏ కాలవలో చేపలైనా సరిపోయేవి.

గొరకలు చచ్చాక మళ్ళీ నాలుగు తెద్దామని సూరన్నతో బయల్దేరాను. గాజువాక దాటి బస్సు దిగి నడిచాం. సూరన్న ముందు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. "ఇక్కడే కదేటి బావూ" అన్నాడు. ఎర్రమట్టి, ప్రేమలీలా. చూపు ఆనినంత మేర, చేటతో చెరిగి సర్దినట్టు చదును చేసిన ఎర్రమట్టి. రేవు లేదు, రాయి లేదు, గట్టు మీది తాటిచెట్లు లేవు. లారీలు వరసగా వచ్చి మట్టి దించి పోతున్నాయి. వాటిలో ఒకదాని నెత్తి మీద పసుపు అక్షరాలతో 'దేవుని బహుమానం' అని ఉంది. ఆ లారీ ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు. దానికి ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించింది నువ్వే.

అక్కడినుంచి తిన్నగా మీ అన్న ఇంటికి వెళ్ళాను. బంగారు చేపలకు మేత వేస్తున్నాడు. అడిగాను.

"నా లారీ పొయ్యకపోతే ఇంకోడి లారీ పోస్తాది బావా" అన్నాడు. "గెడ్డ ఎలాగూ కప్పీసీదే. కాంట్రాక్టరు పిలిసేడు, బండి పెట్టేను. మట్టికి ఊరు తెలుస్తాదేటి?"

"నువ్వు ఈత ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

మేత డబ్బా మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి, "సెల్లికి రాయకు. పురుడింట్లో ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటా న్యాయంగా తోచి నెలరోజులుగా రాయకుండా ఉన్నాను. ఇప్పుడు పాపకు నెల దాటింది, నీ ఒళ్ళు బాగుందని రాశావు. ఇంక దాచను.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక అతనే వచ్చాడు. క్రిస్మస్సునాటి మాట ప్రకారం చూడ్డానికి రావడం ఇదే మొదలు. లోపలికి వచ్చినా మూత గురించి మాట్లాడిపోయేవాడే గాని, తొట్టి వైపు మొహం పెట్టి కూర్చున్నది లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బొమ్మిడాయి ఇసుకలోంచి మూతి తీసింది. చాలాసేపు చూశాడు.

"మసాలా తేలేదేం?" అన్నాను.

"సూరన్న సెప్పేడు" అన్నాడు. "మా రేవులోయంట కదా ఇయి."

"అవును."

"తీసీ బావా" అన్నాడు. "కూటం కోసం కాదు, ఆడోల్ల భయం కోసం కాదు. నాను సూడలేకపోతన్నాను. అందుకే సెల్లికి రాసేను, నీ మాట ఇంటాడు తీయించీ అని."

ఇదీ, ప్రేమలీలా, నీ ఉత్తరంలో గీత గీయించిన చెయ్యి. జాలి పడమంటావా? కాఫీ ఇచ్చాను. "చూడలేకపోతే చూడకు. నేను చూపించడానికే పెట్టాను" అని కూడా చెప్పాను. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళాడు. నేను రాసింది చాడీ అనుకుంటే మీ అన్ననే అడుగు. అబద్ధం ఆడడు. ఆ మేరకు అతని మీద నాకు నమ్మకం ఉంది.

ఇనుము మీద నాకు కోపం లేదు. మన అల్లుడి అన్నం భిలాయి ఇనుములోంచే వస్తోంది. ఫ్లోరెన్సు క్వార్టరు కింద కూడా ఎవరిదో ఒక గెడ్డ ఉండే ఉంటుంది, ఆ గెడ్డ పేరు అక్కడెవరికైనా గుర్తుందేమో అల్లుణ్ణి అడిగి చూడు. దేశానికి ఇనుము కావాలంటే తవ్వుకోనీ, పోసుకోనీ. నేను ఆపగలిగినవాణ్ణి కాదు, ఆపమని అడగలేదు. పాస్టరుగారు మొన్న మెల్లగా, దేవుడు చేపల్ని నీళ్ళలో కదా ఉంచాడు, గదిలో ఎందుకు అన్నారు. ఆయనకు చెప్పింది నీకూ రాస్తున్నాను. బైబిల్లో ప్రళయం వచ్చినప్పుడు ఓడలోకి అన్నీ జతలు జతలుగా ఎక్కాయి, చేపలు ఎక్కలేదు. అప్పుడొచ్చింది నీళ్ళ ప్రళయం గనక వాటికి ఓడతో పని లేకపోయింది. మీ ఊరికి వచ్చింది మట్టి ప్రళయం. ఆయన విని, వచ్చే శుక్రవారం కూటం మళ్ళీ మన ఇంట్లోనే అన్నారు. తొట్టి పక్కన చాప వేయించుకుంటానని దీవెనమ్మ చెప్పి పంపింది. కమిటీవాళ్ళు వస్తే వస్తారు, లేకపోతే జెల్లలున్నాయి.

కాబట్టి నీ గీతకు నా జవాబు ఇది. ఎక్కడివక్కడ వదిలెయ్యమన్నావు. ఆ "అక్కడ" లేదు. నువ్వు వచ్చి, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించు. చూపిస్తే, నా చేతులతో నేనే, ఒక్క పరిగె కూడా మిగల్చకుండా తీసుకెళ్ళి వదులుతాను, తొట్టి అద్దాలు గఫూర్‌కి తిరిగి ఇచ్చేస్తాను. అంతవరకూ మీ అన్న చెప్పినా, కమిటీ చెప్పినా, నువ్వు గీత మీద గీత గీసినా, తొట్టి కదలదు. కోపం వస్తే పాపకు మూడో నెల వచ్చేదాకా అక్కడే ఉండు. నాకు అన్నం వండుకోవడం వచ్చు.

ఫ్లోరెన్సుకు నా దీవెనలు. పాపను పొద్దుటి ఎండలో కాసేపు ఉంచమను. అల్లుడికి నమస్కారాలు.

ఒక్క మాట. వర్షాలు పట్టాయి. మిగిలిన ఆ ఒక్క గొరక వాన పడ్డప్పుడల్లా తొట్టి దిగి గుమ్మం దాకా వస్తోంది. చేపకు ఊరు గుర్తుంటుందని నేను అనను, చదువుకున్నవాణ్ణి. వాన వాసనకు అలా బయల్దేరుతుంది, అంతే. అయినా వీధి తలుపు వేసే ఉంచుతున్నాను. నువ్వొచ్చేసరికి వాన పడుతుంటే, తలుపు మెల్లగా తొయ్యి, కింద చూసుకుని అడుగు వెయ్యి. ఎదురొస్తే దాన్ని ఏం చెయ్యాలో నేను నీకు చెప్పనక్కర్లేదు. ఇంట్లో నీళ్ళు ఎక్కడున్నాయో నీకు తెలుసు.

ఇట్లు,
నీ మాట ఈ ఒక్కసారికి వినని నీ భర్త,
జ్ఞానదాసు